కాంబో యాంప్‌ని హెడ్‌గా మార్చాలా? రంపం పట్టే ముందు ఇది వినండి

ఈ ఎపిసోడ్ గిటార్ వాయించే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం. ముఖ్యంగా పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చి టీముల్లో వాయిస్తూ బరువైన యాంప్‌ని బండి మీద వేసుకుని ఊరూరా తిరిగేవాళ్ల కోసం. చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: కాంబో యాంప్‌లోంచి స్పీకర్‌ని వేరు చేసి, మిగతాదాన్ని హెడ్‌గా మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చండి. కానీ దీన్ని అందరూ వడ్రంగి పని అనుకుంటారు. చిక్కంతా అక్కడే వస్తుంది. పెట్టె కొంచెం వంకరగా వచ్చిందనుకోండి, చూడ్డానికి బాగోదు, అంతే. స్పీకర్ కలిపే దగ్గర తేడా వస్తే యాంప్ కాలిపోతుంది. లోపల చెయ్యి పెట్టే దగ్గర తేడా వస్తే ప్రాణం మీదకే వస్తుంది. అందుకే చెక్క గురించి చివర్లో మాట్లాడతాను. ముందు కరెంటు, ఓమ్స్ గురించి.

కాంబో ఏంటి, హెడ్ ఏంటి

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క. కాంబో అంటే యాంప్, స్పీకర్ రెండూ ఒకే పెట్టెలో ఉండేది. హెడ్ అంటే యాంప్ ఒక్కటే ఉన్న చిన్న పెట్టె. స్పీకర్ ఇంకో పెట్టెలో ఉంటుంది, దాన్ని క్యాబినెట్ అంటాం, ముద్దుగా క్యాబ్. రెండిటినీ కలిపేది ఒక స్పీకర్ వైరు.

ఏది గొప్ప అని అడక్కండి. చరిత్ర చూస్తే రెండిటి కథల్లోనూ మోత గొడవలు కనిపిస్తాయి. లండన్‌లో మార్షల్ కంపెనీ 1962లో మొదటి హెడ్ చేసింది. 1965 ప్రాంతంలో ద హూ బృందం గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్, 12 అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఒకే పెట్టెలో కావాలన్నాడు. చేసిచ్చారు. దాన్ని మోసే కుర్రాళ్లు గోల పెట్టారు. చివరికి నాలుగేసి స్పీకర్లతో రెండు పెట్టెలు చేసి ఒకదాని మీద ఒకటి పెట్టారు. ఈరోజు మనం ఫోటోల్లో చూసే ఆ పెద్ద స్టాక్ అలా వచ్చిందన్నమాట.

అదే రోజుల్లో ఎరిక్ క్లాప్టన్ దీనికి పూర్తిగా రివర్స్‌లో, కారు డిక్కీలో పట్టే కాంబో కావాలని అడిగాడని చెబుతారు. మార్షల్ వాళ్లు తమ హెడ్‌లో ఉన్న సర్క్యూట్‌నే రెండు స్పీకర్లున్న కాంబో పెట్టెలో పెట్టారు. 1966లో జాన్ మాయల్ బృందంతో క్లాప్టన్ చేసిన రికార్డు తర్వాత ఆ కాంబోకి బ్లూస్‌బ్రేకర్ అనే పేరు స్థిరపడింది. అంటే సర్క్యూట్ అదే, పెట్టే వేరు. కారున్నవాడికి కాంబో, లారీ ఉన్నవాడికి హెడ్.

మరి మనకి ఏముంది?

మనకి బండి ఉంది, ఆర్టీసీ బస్సు ఉంది, రేవులో పంటు ఉంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లేవాళ్లకి తెలుసు, ఒక భుజానికి గిటారు, ఇంకో చేతిలో 20 కిలోల పెట్టె ఉంటే ఎలా ఉంటుందో. ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్ లాంటి 40 వాట్ల వాల్వ్ కాంబో దాదాపు 20 కిలోలు. రోలాండ్ జేసీ-120 అయితే 28 కిలోలు. సంక్రాంతి తీర్థాల సీజన్‌లో మూడు రోజుల్లో మూడు ఊళ్లు తిరిగితే నడుం పట్టేస్తుంది.

కానీ ఒక లెక్క చెప్తాను, జాగ్రత్తగా వినండి. కాంబోని రెండుగా విడదీస్తే మొత్తం బరువు తగ్గదు, పెరుగుతుంది. ఎందుకంటే కొత్త పెట్టె ఒకటి వచ్చి చేరింది కదా. బరువు రెండు చేతులకీ సమానంగా పడుతుంది, అది మేలే. అసలు లాభం ఎప్పుడంటే, క్యాబ్ ఒక చోటే ఉండిపోయి మీరు హెడ్ ఒక్కటీ తీసుకెళ్లినప్పుడు. చర్చిలో ఒక క్యాబ్ శాశ్వతంగా ఉంచేసి, ఎవరి వంతు వచ్చిన వారం వాళ్లు తమ హెడ్ తెచ్చుకుంటే? ఆర్కెస్ట్రా వ్యాన్‌లో క్యాబ్ ఉండిపోయి, మీరు హెడ్ ఒళ్లో పెట్టుకుని బస్సులో వస్తే? అప్పుడు ఈ పనికి అర్థం ఉంది. అలాంటి ఏర్పాటు లేకపోతే కాంబో కిందకి చక్రాలు వేయించుకోండి. అరగంట పని, ఖర్చూ తక్కువ.

ఇంకో లాభం కూడా ఉందండి. కాంబోలో వాల్వ్‌లు స్పీకర్ పక్కనే ఉండి దానితోపాటే అదురుతుంటాయి. ఆ అదురుకి కొన్ని పాత వాల్వ్‌లు గణగణమని మోగుతాయి. స్పీకర్ వేరే పెట్టెలోకి వెళ్తే ఆ బాధ చాలా తగ్గుతుంది.

మొదటి పరీక్ష: ఏదీ విప్పకుండా

మీ యాంప్ వెనక్కి తిప్పి చూడండి. స్పీకర్ వైరు ఒక జాక్‌లోకి దూరి ఉంటే మీరు అదృష్టవంతులు. యాంప్ ఆపేసి, ఆ జాక్ తీసి, అన్నే ఓమ్స్ ఉన్న ఇంకో క్యాబ్‌కి స్పీకర్ వైరుతో కలిపి, అప్పుడు ఆన్ చేసి వాయించి చూడండి. ఆ సౌండ్ నచ్చితేనే ముందుకెళ్లండి. కొందరికి ఈ ప్రయోగంతోనే పని అయిపోతుంది, పెట్టె మార్చక్కర్లేదని అర్థమైపోతుంది.

వైరు జాక్‌లోకి కాకుండా నేరుగా లోపల్నుంచి వచ్చి స్పీకర్ లగ్గులకి తగిలించి ఉంటే, అది ఎక్కువగా ట్రాన్సిస్టర్ యాంప్ అయ్యుంటుంది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

ఓమ్స్ లెక్క

స్పీకర్ మీద 4, 8, 16 ఓమ్స్ అని రాసి ఉంటుంది. ఆ రాత చెరిగిపోతే మల్టీమీటర్ పెట్టండి. మీటర్‌లో అసలు అంకె కన్నా కొంచెం తక్కువ చూపిస్తుంది. 8 ఓమ్స్ స్పీకర్ సుమారు 6 చూపిస్తుంది, 4 ఓమ్స్‌ది 3 పైన, 16 ఓమ్స్‌ది 12, 13 దగ్గర. మీటర్ పాడైపోయిందని కంగారు పడకండి, అది చూపించేది వైరు చుట్ట రెసిస్టెన్స్ మాత్రమే.

రెండు 8 ఓమ్స్ స్పీకర్లని పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్స్. ఒకదాని వెనక ఒకటి, అంటే సిరీస్‌లో కలిపితే 16. ఈ రెండు లెక్కలు గుర్తుంటే చాలు.

ఇప్పుడు యాంప్ వైపు చూద్దాం. వాల్వ్ యాంప్, ట్రాన్సిస్టర్ యాంప్ ఈ విషయంలో ఒకదానికొకటి వ్యతిరేకం.

వాల్వ్ యాంప్‌కి స్పీకర్ అసలు లేకపోవడం ప్రమాదం. వాల్వ్‌లకీ స్పీకర్‌కీ మధ్య ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. స్పీకర్ తగిలించకుండా గట్టిగా వాయిస్తే ఆ శక్తి వెళ్లడానికి దారి ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ మొదటి చుట్టలో వోల్టేజి విపరీతంగా పెరిగి, లోపలి ఇన్సులేషన్‌ని చీల్చుకుని నిప్పురవ్వ దూకుతుంది. అంతే, ట్రాన్స్‌ఫార్మర్ పోయినట్టే. అందుకే హెడ్‌గా మార్చాక మొదటి అలవాటు: ముందు స్పీకర్ వైరు, తర్వాతే స్విచ్. ఆపేటప్పుడు ముందు స్విచ్, తర్వాతే వైరు. యాంప్ 8 ఓమ్స్ అంటే క్యాబ్ కూడా 8 ఓమ్సే పెట్టండి.

ట్రాన్సిస్టర్ యాంప్‌కి స్పీకర్ లేకపోయినా మామూలుగా ఏమీ కాదు. దానికి భయం ఓమ్స్ మరీ తగ్గిపోవడం. కనీసం 8 ఓమ్స్ అని రాసి ఉన్నదానికి 4 ఓమ్స్ క్యాబ్ పెడితే కరెంటు ఎక్కువ లాగి ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేడెక్కి పోతాయి. 4 ఓమ్స్‌ యాంప్‌కి 8 ఓమ్స్ క్యాబ్ పెట్టొచ్చు, ఫర్వాలేదు. సౌండ్ కొంచెం తగ్గుతుంది అంతే.

ట్రాన్సిస్టర్ యాంప్‌లో దాగి ఉన్న చిక్కు

ఇందాక చెప్తానన్నది ఇదే. కొన్ని ట్రాన్సిస్టర్ యాంపుల్లో స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్లలో ఏదీ ఎర్త్ కాదు, రెండిట్లోనూ సిగ్నల్ ఉంటుంది. దాన్ని బ్రిడ్జ్ అంటారు. అలాంటిదానికి మీరు ఇనప రేకులో కన్నం పెట్టి మామూలు మెటల్ జాక్ బిగించారనుకోండి, ఒక వైరు నేరుగా రేకుకి తగిలి షార్ట్ అవుతుంది. ఆన్ చేసిన క్షణమే ఐసీ పోవచ్చు.

దీనికి తేలిక దారి ఉందండి. యాంప్ రేకుకి అసలు కన్నమే పెట్టొద్దు. కొత్త పెట్టె వెనక చెక్కకి స్పీకాన్ సాకెట్ బిగించండి. దాని ఒళ్లు ప్లాస్టిక్, రేకుకి తగలదు. తిప్పితే లాక్ పడుతుంది, స్టేజి మీద ఎవరో కాలితో తన్నినా ఊడదు. మన సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర ఆ వైర్లు ఎప్పుడూ ఉంటాయి, మీది మర్చిపోయినా అడిగి తీసుకోవచ్చు.

వైరు గురించి కూడా వినండి. గిటార్‌కి వాడే వైరు స్పీకర్‌కి వాడొద్దు. రెండిటికీ ఒకే రకం జాక్ ఉంటుంది కాబట్టి చాలామంది వాడేస్తారు. గిటార్ వైరు లోపలి తీగ సన్నం. 100 వాట్లు 4 ఓమ్స్‌లోకి వెళ్తుంటే 5 ఆంపియర్ల కరెంటు పారుతుంది, ఆ సన్న తీగ దానికి తట్టుకోదు. వైరు కాలి తెగితే వాల్వ్ యాంప్‌కి స్పీకర్ లేనట్టే, ఇందాకటి ప్రమాదమే. ఎలక్ట్రికల్ షాపులో 1.5 స్క్వేర్ ఎంఎం రెండు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు అడగండి, సరిపోతుంది.

లోపల చెయ్యి పెట్టే ముందు

వాల్వ్ యాంప్ లోపల 400 వోల్టులు, అంతకన్నా ఎక్కువ కూడా డీసీ ఉంటుంది. ప్లగ్ పీకేసినా సరే, లోపలి పెద్ద కెపాసిటర్లలో ఆ చార్జి చాలాసేపు నిలవ ఉండొచ్చు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మన ఇంట్లో 230 వోల్టుల షాక్ తిని "ఏం కాలేదు" అనుకునేవాళ్లకి కూడా ఇది వేరే సంగతి.

వాల్వ్ సెట్లు విప్పిన అనుభవం లేకపోతే ఈ ఒక్క భాగం మెకానిక్ చేతే చేయించండి. పాత రేడియోలు, టీవీలు బాగుచేసిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లకి ఈ వోల్టేజీలు కొత్త కాదు. పని చేసేవాళ్లు ఏం చేస్తారో గమనించండి: ప్లగ్ పీకుతారు, కాసేపు ఆగుతారు, రెసిస్టర్ ద్వారా కెపాసిటర్‌ని ఖాళీ చేస్తారు, మీటర్ పెట్టి సున్నా దగ్గరకి వచ్చిందని చూశాకే ముట్టుకుంటారు. స్క్రూడ్రైవర్ పెట్టి టప్పున షార్ట్ చేసేవాడి దగ్గరకి మాత్రం వెళ్లకండి.

ఎర్త్ మూడో పిన్ను ఎట్టి పరిస్థితుల్లో తీసేయొద్దు. షామియానా స్టేజి, జనరేటర్ కరెంటు, తడి నేల. ఎర్త్ లేని యాంప్‌కి కలిపిన గిటార్ తీగల మీద మీ చేతులు, మైకు మీద మీ పెదాలు. ఆ రెండిటి మధ్య కరెంటు పారితే దారి మీ ఒళ్లే.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యాంప్ అయితే వెనక ప్లేట్ మీద 120 వోల్టులని ఉందేమో చూడండి. దాన్ని మన 230లో నేరుగా పెట్టకూడదు. సరిపడా వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది కూడా ఎర్త్ పిన్ను పనిచేసేది.

ఇప్పుడు చెక్క

కొత్త పెట్టెకి ప్లైవుడ్ తీసుకోండి. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు వద్దండి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ, రెండు వర్షాకాలాలు గడిచేసరికి అంచులు ఉబ్బి స్క్రూలు పట్టు వదిలేస్తాయి. షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉంటే అది మెరైన్ ప్లై, నీటికి తట్టుకునేది. ఐఎస్ 303 అంటే మామూలు వాడకానిది. బరువు మోసే పెట్టెకి 18 ఎంఎం మందం బాగుంటుంది.

కొలతలు ఇలా తీయండి. యాంప్ రేకు పెట్టెని చాసిస్ అంటాం. దాని పొడవుకి రెండు వైపులా రెండు మూడు మిల్లీమీటర్ల వదులు ఇవ్వండి. చాలా కాంబోల్లో వాల్వ్‌లు చాసిస్ నుంచి కిందకి వేలాడుతుంటాయి. వాటిని నిలబెడదామని చాసిస్‌ని తిరగేస్తే ముందు ప్యానెల్ మీద అక్షరాలు కూడా తలకిందులవుతాయి. కాబట్టి వేలాడనివ్వండి. వాల్వ్ గాజుకీ చెక్కకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉంచి, వెనక తెరిచి జాలీ పెట్టండి, వేడి బయటకి పోవాలి.

చాసిస్‌ని చెక్క స్క్రూలతో బిగించొద్దు. ట్రాన్స్‌ఫార్మర్ల బరువంతా దాని మీదే ఉంటుంది. చెక్కకి అవతల వరకూ వెళ్లే బోల్టు, వాషర్, నట్టు వాడండి. ట్రాన్స్‌ఫార్మర్లు ఒక పక్కకి ఉంటాయి కాబట్టి పట్టుకునే పిడి సరిగ్గా మధ్యలో పెడితే పెట్టె ఒక వైపు ఒరిగిపోతుంది. ముందు తాడు కట్టి లేపి చూసి, ఎక్కడ సమంగా నిలుస్తుందో అక్కడ పిడి బిగించండి.

పాత కాంబో పెట్టెలో, చాసిస్ తెరిచి ఉన్న వైపు చెక్కకి అల్యూమినియం రేకు అంటించి ఉంటుంది చూడండి. అది అలంకారం కాదు. బయటి గోల, ఫోన్ల టకటక లోపలికి రాకుండా ఆపే అడ్డు. కొత్త పెట్టెలో కూడా అదే చోట రేకు అంటించండి, చాసిస్ అంచుకి తగిలేలా.

స్ప్రింగ్ రివర్బ్ ఉన్న యాంప్ అయితే పెట్టె అడుగున ఒక పొడుగు రేకు డబ్బా ఉంటుంది. పొడుగు రకం సుమారు 43 సెంటీమీటర్లు. అది కొత్త పెట్టెలో పట్టాలి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి వీలైనంత దూరంగా ఉండాలి. దగ్గరగా ఉంటే బొయ్యిమని హమ్ వస్తుంది. స్క్రూలు బిగించే ముందే యాంప్ ఆన్ చేసి డబ్బాని అటూ ఇటూ జరిపి, హమ్ తక్కువున్న చోటు చూసుకోండి. చాసిస్ లోపలికి మాత్రం చెయ్యి పోనివ్వొద్దు.

పైన రెక్సిన్ వేయడానికి ఆటో సీట్లు కుట్టే షాపుకి వెళ్లండి. మూలలు మడవడంలో వాళ్లని మించినవాళ్లు లేరు, గమ్ము కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఒక్క విషయం బతిమాలి చెప్తున్నా. పాత కాంబో పెట్టెని కోయొద్దు. చాసిస్ తీసిన ఖాళీకి 12 ఎంఎం చెక్క ఒకటి పాత కన్నాల్లోనే బిగించండి, అదే మీ క్యాబ్ అయిపోతుంది. పాత స్క్రూలన్నీ ఒక కవర్‌లో వేసి లోపలే టేప్‌తో అంటించండి. రేపు అమ్మాలనుకుంటే అరగంటలో మళ్లీ కాంబో చేసేయొచ్చు. కోసిన పెట్టెకి కొనేవాడు సగం ధర కూడా చెప్పడు.

మొదటిసారి ఆన్ చేయడం

మెకానిక్‌ల దగ్గర సిరీస్ బల్బ్ బోర్డు ఉంటుంది. కరెంటు ఫిలమెంట్ బల్బ్ ద్వారా యాంప్‌కి వెళ్తుంది. ఎల్ఈడీ బల్బ్ పనికిరాదు. స్పీకర్ కలిపి, ఆన్ చేస్తే బల్బ్ ఒకసారి వెలిగి మందగిస్తే మంచిది. బాగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉందని. వెంటనే ఆపేయాలి. అలా ఆపితే యాంప్ బతుకుతుంది.

ఏ యాంప్‌ని ముట్టుకోకూడదు?

రోలాండ్ జేసీ-120ని వదిలేయమంటాను. 1975 నుంచి వస్తున్న ఈ యాంప్‌లో 60 వాట్ల పవర్ యాంపులు రెండు, వేరువేరుగా రెండు స్పీకర్లకి వెళ్తాయి. దాని పేరుమోసిన కోరస్ ఆ రెండు స్పీకర్ల సౌండ్ గాలిలో కలవడం వల్ల వచ్చేది. దాన్ని ఒకే స్పీకర్ క్యాబ్‌కి పెడితే ఆ అందం పోతుంది. రెండు ఔట్‌పుట్లని ఒకే వైరుకి కలిపితే యాంపే పోతుంది.

చిన్న ప్రాక్టీస్ యాంపులు కూడా వద్దు, మోయలేని బరువు కాదు కదా. మీ స్టేజిల్లో ఎప్పుడూ మిక్సర్ ఉండి, మీరు మల్టీ ఎఫెక్ట్స్ పెడల్‌తో నేరుగా దాంట్లోకే వాయిస్తుంటే మీకు హెడ్ కూడా అక్కర్లేదు.

చర్చి టీమో, ఆర్కెస్ట్రానో కలిసి ఒక క్యాబ్ ఉంచుకుందాం అనుకునేవాళ్లు మాత్రం ఒక పని తప్పకుండా చేయండి. క్యాబ్ వెనక పెద్ద అక్షరాలతో పెయింట్ వేయండి: ఎన్ని ఓమ్స్, ఎన్ని వాట్లు. ప్రతి హెడ్ వెనకా అదే రాయండి. ఆదివారం పొద్దున్న హడావుడిలో వచ్చే పదిహేనేళ్ల కుర్రాడికి ఈ లెక్కలేవీ తెలియకపోయినా, ఆ రెండు అంకెలు కలుస్తున్నాయో లేదో చూసి వైరు పెట్టగలుగుతాడు.

మీ యాంప్ వెనక ప్లేట్ ఫోటో తీసి పంపండి, దాని ఓమ్స్ లెక్క వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండి మరి, నమస్తే.